నగర హృదయంలో నాలుగో అంతస్తు కొట్టు

"నగర హృదయం మళ్ళీ కొట్టుకుంటోంది! రండి, ఆ హృదయంలోనే నివసించండి! అడుగు దూరంలో అన్నీ!"

ఈ మూడు వాక్యాలూ నగర కేంద్ర పునరుజ్జీవన మండలి ప్రచారాధికారి కలం నుంచి వెలువడ్డాయి. ఆఫీసులో ఆయన్ని అందరూ 'విశేషణం గారు' అంటారు. ముందొక విశేషణం తగిలించనిదే ఆయన ఏ నామవాచకాన్నీ గడప దాటనివ్వడు. ఆయన రాతలో గోడ వట్టి గోడ కాదు, సమున్నతమైన గోడ. చెత్తకుండీ సైతం బాధ్యతాయుతమైన చెత్తకుండీ.

మండలివారు పాత గిడ్డంగులు పడగొట్టి పన్నెండంతస్తుల భవనం కట్టారు. పైన ఇళ్ళు, కింద దుకాణాలు. ఆర్నెల్లయినా సగం ఇళ్ళకు తాళాలే! ఛైర్మన్ గారు సిబ్బందిని పిలిచి కూర్చోబెట్టారు.

"వంటవాడే ముట్టని కూర వచ్చినవాడు తింటాడా? మనలో ముందు ఎవరు కాపురం పెడతారు?"

అందరూ ఫైళ్ళలోకి తలలు దూర్చారు. విశేషణం గారొక్కడే చెయ్యెత్తాడు. ఎవరూ బలవంతం చెయ్యలేదు సుమండీ! కరపత్రం ప్రూఫులు దిద్దుతూ మూడోసారి చదివేటప్పటికి ఆయనకే కళ్ళు చెమర్చాయి. ఇంతటి చోటు ఉండగా, ఓ పక్క పచారీ కొట్టూ ఇంకో పక్క కూరగాయల సందూ ఉన్న పాత వీధిలో ఎందుకు పడి ఉన్నామా అని తన మీద తనకే జాలి వేసింది. తాను తీసిన గోతిలో తానే పడ్డవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. ఆ గోతిని ఉద్యానవనమని వర్ణించి, ఆ వర్ణనకు తానే మురిసి, సామానుతో సహా అందులోకి దిగినవాడు మాత్రం ఈయనొక్కడే.

ఆయనతో పాటు భార్యా, అత్తగారూ దిగారు. అత్తగారు ముప్పై ఏళ్ళు పాత వీధిలో చిల్లర కొట్టు నడిపిన మనిషి. మోకాళ్ళు మొరాయించాక కొట్టు ఎత్తేసి కూతురి దగ్గరికి వచ్చేసింది.

నాలుగో అంతస్తులో మొదటి రోజు పొద్దున్నే విశేషణం గారి చొక్కా చేతి గుండీ ఊడింది.

"ఏవండీ, సామాన్లలో సూదీ దారం ఎటు పోయాయో కనబడట్లేదు. అమ్మా నేనూ కిందికెళ్ళి తెస్తాం," అంది భార్య.

"వెళ్ళండి, వెళ్ళండి! ఎంతసేపు? అడుగు దూరమేగా!"

గంట తరువాత ఇద్దరూ వట్టి చేతులతో వచ్చారు. అత్తగారు కూలబడి మోకాళ్ళు రాసుకుంది.

"అల్లుడుగారూ, కింద ఉన్నవి రెండే కొట్లు. ఒకదాంట్లో వాసనొచ్చే కొవ్వొత్తులు, రెండోదాంట్లో కుక్కలకి కోట్లు. కోటంటే గుండీలుంటాయి, గుండీలుంటే సూది ఉంటుందని ఆశపడ్డా. వాళ్ళవన్నీ జిప్పులేనట!"

"అదేమిటండీ, రొట్టెల కొట్టుంది కదా?"

"ఉంది. కొట్టువాడు అటు తిరిగి రొట్టెలు సర్దుతున్నాడు. పాపం పనిలో ఉన్నాడు, ఇటు తిరిగేదాకా ఆగుదామని పావుగంట నిలబడ్డా. చివరికి మీ ఆవిడొచ్చి 'అమ్మా, అది అద్దానికి అతికించిన బొమ్మే' అంది."

విశేషణం గారు గొంతు సవరించుకున్నాడు. ఆ బొమ్మలు ఆయన సలహాయే. 'ఖాళీ దుకాణముల ముఖభాగములయందు వాణిజ్య వాతావరణమును దృశ్యరూపమున కల్పించుట' అని ఫైలులో స్వయంగా రాసి, ఛైర్మన్ గారి చేత శభాష్ అనిపించుకున్నాడు.

"గుండె కొట్టుకుంటోందని రాశారు," అంది భార్య. "కొట్టే లేకపోతే ఎలా కొట్టుకుంటుందండీ?"

ఆయన చొక్కా చేతికి స్టేప్లరు పిన్ను కొట్టుకుని ఆఫీసుకు వెళ్ళాడు. హృదయంలో ఆ మాత్రం కొట్టుకోవడమైనా మొదలైంది!

ఆ వారం నుంచి ఆదివారాలు ఆయనకు రహస్య జీవితం పట్టుకుంది. ఫైళ్ళ సంచీ భుజాన వేసుకుని, బస్సెక్కి పాత వీధికి వెళ్ళడం, ఉప్పూ పప్పూ కూరగాయలూ సంచీలో కుక్కి పైన రెండు ఫైళ్ళు కప్పడం. ఓ ఆదివారం అత్తగారిని కూడా వెంటబెట్టుకుని వెళ్ళి, తిరిగొచ్చి లిఫ్టెక్కేసరికి అందులో ఏడో అంతస్తు పళ్ళ డాక్టరు ఉన్నాడు. ఆయన చేతిలో పరికరాల పెట్టె.

"ఎలా ఉందండీ మన హృదయంలో కాపురం?" అన్నాడు డాక్టరు.

"అద్భుతం! అన్నీ కాళ్ళ దగ్గరే!"

అంతలో డాక్టరు గారి పెట్టె మూత ఊడి, ఓ ఉల్లిపాయ దొర్లుకుంటూ వచ్చి నిజంగానే విశేషణం గారి కాళ్ళ దగ్గర ఆగింది. డాక్టరు పైకప్పు చూశాడు. విశేషణం గారు అంతస్తుల అంకెలు చూశాడు. ఇద్దరు చదువుకున్న పెద్దమనుషుల మధ్య ఆ ఉల్లిపాయ అనాథ అయిపోయింది.

అత్తగారు వంగి దాన్ని తీసుకుంది. "ఎవరిదీ కాకపోతే నేనుంచుకుంటా. డాక్టరుగారూ, ఇంత బరువు మొయ్యకండి బాబూ. ఈసారి బస్తా తెప్పిస్తా, నాలుగో అంతస్తుకొచ్చి తీసుకెళ్ళండి."

అలా మొదలైంది. వారం తిరిగేసరికి వాళ్ళ ఇంటి తలుపు పక్కన బస్తా ఉల్లిపాయలు, రెండు బకెట్లు, సూదులు, దారాలు, పిన్నీసులు, జ్వరం మాత్రలు, మధ్యలో ఓ ముక్కాలిపీట, దానిమీద అత్తగారు! ఏ అంతస్తువాళ్ళైనా సరే, ముందు నాలుగు నొక్కడమే. బకెట్ కోసం వచ్చి కబుర్లలో పడేవాళ్ళు, కబుర్ల కోసం వచ్చి బకెట్ కొనేవాళ్ళు. ఎదురెదురు తలుపుల వాళ్ళు ఒకరి మొహం ఒకరు మొదటిసారి చూసుకున్నది ఆ ఉల్లిపాయల దగ్గరే. విశేషణం గారు మాత్రం రోజూ ఆ బస్తా పక్కనుంచే నడుస్తూ, దాన్ని చూడకుండా ఉండే విద్య సాధించాడు.

ఇంతలో 'ఉత్తమ నగర కేంద్రం' బహుమతికి పరిశీలన సంఘం వస్తోందని కబురొచ్చింది. ఛైర్మన్ గారు విశేషణం గారిని గదిలోకి పిలిచారు.

"నాలుగో అంతస్తులో ఎవరో ముసలావిడ ఉల్లిపాయలు అమ్ముతోందట. మన స్థాయికి అది మచ్చ కాదూ? నోటీసు ఇవ్వండి. ఇంతకీ ఎవరావిడ?"

'మా అత్తగారండీ' అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. అక్కడ ప్రమోషను అడ్డం కూర్చుని ఉంది.

"విచారిస్తానండీ," అన్నాడు.

విచారిస్తూనే నోటీసు రాసి, పట్టుకుని ఇంటికి వెళ్ళాడు. అత్తగారు నోటీసు అటూ ఇటూ తిప్పి చూసింది.

"కళ్ళజోడు లోపలుంది. మీరే చదవండి."

"'నివాస ప్రాంగణమున ఒక వృద్ధ మహిళ సాగించుచున్న అనధికార వాణిజ్య కార్యకలాపమును తక్షణము నిలుపుదల చేయవలసినదిగా...'"

"తెలుగులో చెప్పండి."

"కొట్టు... మూసెయ్యమనండీ."

"సంతకం ఎవరిది?"

విశేషణం గారు నేల చూశాడు. "నాదేనండీ."

ఆవిడ ముక్కాలిపీట మీంచి లేచింది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. ఉన్న సరుకు అడిగినవాళ్ళకి పంచిపెట్టి, మర్నాడే పాత వీధిలో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయింది.

"అమ్మకి తోడుగా నేనూ వెళ్తున్నా," అంది భార్య.

"ఎప్పుడొస్తావ్?"

"విచారించి చెప్తా."

నోటీసు అత్తగారు తీసుకెళ్ళలేదు. ఆఫీసు నిబంధన ప్రకారం ఆయనే దాన్ని తన ఇంటి తలుపుకు అతికించుకున్నాడు. దాన్ని తోసుకుని లోపలికి వెళ్ళి, వండుకోవడం రాక, అటుకులు నీళ్ళలో నానబెట్టుకుని తిన్నాడు.

పరిశీలన సంఘం వచ్చింది. 'మధ్యాహ్నం రెండు నుండి నాలుగు వరకు సిబ్బంది జనసమ్మర్దముగా వ్యవహరించవలెను' అని ఛైర్మన్ గారి ఉత్తర్వు. అకౌంట్లవాళ్ళూ, టైపిస్టులూ పాత పేపర్లు కుక్కిన సంచీలు పట్టుకుని ఆ చివరినుంచి ఈ చివరికి కొనుగోలుదారుల్లా తిరుగుతున్నారు. సంఘం అధ్యక్షురాలు ముచ్చటపడి చూస్తూ నడుస్తుండగా ఆవిడ చెప్పు పట్టీ పుటుక్కున తెగింది.

"ఓ పిన్నీసు తెప్పిస్తారా?" అంది.

ఛైర్మన్ గారు విశేషణం గారిని చూశారు. విశేషణం గారు కొవ్వొత్తుల కొట్టును చూశాడు. జనసమ్మర్దం యావత్తూ తమ సంచీలను గుండెకు హత్తుకుంది.

"పిన్నీసా?" అన్నాడు అటుగా వచ్చిన పళ్ళ డాక్టరు, బొత్తిగా లోకజ్ఞానం లేకుండా. "నాలుగో అంతస్తు అమ్మగారి దగ్గర ఉండేవి! బంగారంలాంటి కొట్టు. అందరం ఆవిడ చలవతోనే బతికాం."

అధ్యక్షురాలు కుంటుతూనే లిఫ్టెక్కింది. నాలుగో అంతస్తులో తలుపుకున్న నోటీసును సంతకందాకా పైకి చదివింది.

"ఈ సంతకం ఎవరిది?"

"నాదేనండీ," అన్నాడు విశేషణం గారు. "ఇల్లూ నాదే. ఆ వృద్ధ మహిళ కూడా... మా అత్తగారే."

 అప్పుడు బయటపడింది ఛైర్మన్ గారి ప్రతిభ!

"అమ్మా, నిజానికి ఆ కొట్టు మా ప్రణాళికలో భాగమే! నివాసులే నడుపుకునే వ్యాపారం. ఈ నోటీసు... పై అంతస్తునుంచి కింది అంతస్తుకు మార్చడానికి ఇచ్చింది!"

"అయితే వచ్చే నెల వచ్చి ఆ కొట్టు చూస్తాం. బహుమతి సంగతి అప్పుడు," అంది అధ్యక్షురాలు.

ఆ సాయంత్రమే విశేషణం గారు ఆఫీసు కారులో పాత వీధికి వెళ్ళాడు. భార్య మంచినీళ్ళిచ్చింది కానీ కూర్చోమనలేదు.

"అత్తయ్యగారూ, కింద అసలైన తలుపున్న దుకాణం ఇస్తారట. మీరొచ్చి కూర్చోవాలి."

అత్తగారు చిక్కుడుకాయలు ఒలుస్తూ తలెత్తలేదు. "నేను అనధికారం కదండీ. అధికారం ఉన్నవాళ్ళే కూర్చోండి."

ఛైర్మన్ గారికి ఈ సమాధానం అమోఘంగా నచ్చింది. మర్నాడే ఉత్తర్వు వెలువడింది: 'ప్రచారాధికారి తమ విధులకు అదనముగా దుకాణ బాధ్యతలు స్వీకరించవలెను.'

నెల తిరిగింది. సంఘం వచ్చి, చూసి, బహుమతి ప్రకటించింది. ఛైర్మన్ గారు జ్ఞాపికతో ఫోటో దిగి, కారెక్కి, నగరానికి ఇరవై మైళ్ళ అవతల తోటలో ఉన్న తమ ఇంటికి వెళ్ళిపోయారు. హృదయంలో నివసించడం ఆయన ఆరోగ్యానికి పడదట!

విశేషణం గారు గల్లాపెట్టె వెనక మిగిలాడు. ఇరవై ఏళ్ళుగా ఆయన రాసింది చదివి ఎవరూ అరటిపండు కూడా కొనలేదు. ఈ రోజు ఒక్క ముక్క రాయకుండానే పదకొండు పిన్నీసులు అమ్మాడు. అందుకు గర్వపడాలో సిగ్గుపడాలో తేల్చుకునేలోపే భార్యా, అత్తగారూ లోపలికి వచ్చారు. ముందు ఆరుగురున్నారు. ఇద్దరూ వరసలో నిలబడ్డారు.

తమ వంతు వచ్చాక అత్తగారు ఓ పిన్నీసు తీసి వేలితో మొన చూసింది.

"తుప్పు పట్టింది, అల్లుడుగారూ."

"మండలి సరఫరా అండీ."

"ఉల్లిపాయలు మొలకలొచ్చాయి."

"టెండరు ఆలస్యమైందండీ."

"బకెట్‌కి చిల్లుంది."

 వెనక డాక్టరు, ఆ వెనక ఇంకో ఐదుగురు వేచి ఉన్నారు. విశేషణం గారు లేచి నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గల్లాపెట్టె తుడిచాడు.

"తప్పయిపోయింది, అత్తయ్యగారూ," అన్నాడు.

అత్తగారు బల్ల చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చింది.

"జరగండి," అంది.

ఆయన జరిగాడు.