మెనూకు శ్రీకారం

పదకొండింటికి గోవిందప్ప వస్తారు, నల్లతెర చూస్తారు, సరేనంటారు. ఆ ఉదయం వినుత వేసుకున్న పథకం అంతే. గోవిందప్ప చిక్కబళ్ళాపురం ద్రాక్ష రైతుల సంఘానికి అధ్యక్షుడు. నల్లతెర మీదున్నది వినుత తయారుచేసిన మెనూ. పొడుగాటి కమాండ్లు టైపు చెయ్యనక్కరలేదు. అంకె కొట్టి ఎంటర్ నొక్కితే దాని వెనకున్న స్క్రిప్టు నడుస్తుంది. ఒకటికి లెక్కలు భద్రపరచడం, రెండుకు సమావేశం పిలుపు రైతులందరి మొబైళ్లకూ పంపడం, మూడుకు ధరల పట్టీ అచ్చువేయడం, నాలుగుకు పిలుపు రద్దు.

ఈ మెనూ బాగేపల్లి శాఖకూ వెళితే వినుత తాత్కాలిక ఉద్యోగం ఖాయమవుతుంది. అయితే అధ్యక్షుడు మెచ్చితే చాలదు, సర్వసభ్య సమావేశం ఒప్పుకోవాలి. ఆ సమావేశానికి చాలినంత మంది వచ్చిన పాపాన ఏనాడూ పోలేదు.

గుమాస్తా యశోదమ్మకు వినుతంటే ప్రాణం. పిల్లకు పరీక్ష రోజని పెందలాడే వచ్చి మానిటరుకు కుంకుమ పెట్టింది. పైన శ్రీ రాయకుండా సరుకుల చీటీ కూడా మొదలుపెట్టని మనిషి. మెనూ జాబితా ఉన్న ఫైల్లో ఒక వరుస చేరిస్తే మెనూలోనూ చేరుతుందని వినుతే నేర్పింది కదా! ఫైలు తెరిచి, అన్నిటికన్నా పైన 'శ్రీ' చేర్చి దండం పెట్టుకుంది. ఒకటో అంకె శ్రీకి దక్కింది. మిగతావన్నీ ఒక్కో అంకె కిందికి జరిగాయి. యశోదమ్మ తెర చూసి కొట్టదు, ఆమె వేళ్లకు పాత అంకెలే కంఠతా వచ్చు.

ధరల పట్టీకని మూడు కొట్టింది. ప్రింటరు కదల్లేదు. మళ్లీ కొట్టింది. ఇంకోసారి కొట్టింది. కాసేపటికి నాగరగెరె నుంచి రైతు మునిశామప్ప ఫోను.

"ఏమమ్మా, ఈపొద్దే మీటింగా? భోజనం ఉండాదని మూడుసార్లు మెసేజ్ వచ్చె. గోవిందప్పకు ఒళ్లు బాగుండాదా?"

యశోదమ్మ బస్సులో ఉన్న వినుతకు ఫోను చేసింది. "పాపా, ప్రింటరు నిద్రపోతాండాది. రైతులేమో మీటింగంటాండారు!"

"అయ్యో, పిలుపు పోయినట్టుండాది! తొందరగా నాలుగు కొట్టమ్మా, రద్దవుతాది."

యశోదమ్మ కొట్టింది. "కదిలె పాపా, ప్రింటరు కదిలె!"

వినుత బస్సు దిగేసరికి ఆఫీసు ముందు తొండేభావి రైతుల ట్రాక్టరు నిలబడి ఉంది. యశోదమ్మ చిత్రాన్నానికి హోటలుకు మనిషిని పంపింది. మూడుసార్లు పిలిచారంటే అధ్యక్షుడికి ఏదో అయ్యే ఉంటుందని కొందరు పూలదండలు కూడా తెచ్చారు. అంతలో గోవిందప్ప కారు దిగారు.

"దండలు ఎవరికప్పా?"

"నీకేనప్పా," అన్నాడు మునిశామప్ప, కాస్త నిరాశగానే. "నువ్వు చూస్తే నడిచొస్తాండావు!"

అప్పటికే తెర చూసి సంగతి గ్రహించిన వినుత ముందుకొచ్చింది. ఉద్యోగం పోయినట్టేననుకుంటూనే చెప్పేసింది. "తప్పు నాదేనప్పా. పైన శ్రీ చేరితే అంకెలన్నీ జరిగిపాయ. జరక్కుండా నేను చేసుండాల."

యశోదమ్మ అడ్డం పడింది. "శ్రీ రాసింది నేనప్పా! పాపనేం అనొద్దు."

గోవిందప్ప జనాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు చూశారు. వరండా నిండి వీధిలోకి పొంగింది.

"ఇంటింటికీ తిరిగి పిలిచినా రాలేదు వీళ్లు. ఇంక యాడ దొరుకుతారు? ఎవరినీ పోనీకుండా మీటింగు మొదలుపెట్టండి!"

బాగేపల్లి తీర్మానానికి అందరూ చేతులెత్తారు, కొందరు చిత్రాన్నం చేతులతోనే. వినుత యశోదమ్మను వాటేసుకుని ఏడుస్తూ నవ్వింది. ఆ దండల్లో ఒకటి మానిటరుకు పడింది.

శ్రీని తీసేయడానికి మాత్రం సభ ఒప్పుకోలేదు. బాగేపల్లిలోనూ ఒకటో అంకె దానిదే. అది నొక్కితే ఏమీ జరగదు, సంఘంలో ఇంతవరకు తప్పు జరగని పని అదొక్కటే.