రిజిస్టరులో ఎర్రగీత

హెడ్మాస్టారి కళ్ళజోడు సముద్రంలో పోయిన రోజున, ఉదయం ఏడున్నరకే కార్యక్రమమంతా ఖరారై ఉంది. పొద్దున ఒడ్డున నడక, మధ్యాహ్నం కునుకు, రాత్రి ఎనిమిదింటికి తీరం పక్కనున్న మ్యూజిక్ క్లబ్బులో ముందు వరస బల్ల, ఒక గంట పాటలు, పదింటికల్లా పక్క. రిటైరై ఏడాదయినా ఆయన రోజును పీరియడ్లుగా కోసుకోవడం మానలేదు. మొదటి పీరియడ్లోనే ఒక అల వచ్చి, వంగి ప్యాంటు మడుచుకుంటున్న ఆయన ముక్కు మీది కళ్ళజోడును పట్టుకుపోయింది.

"ఇంకో జత తెచ్చుకున్నారు కదా బావగారూ?" అన్నాడు తోడు వచ్చిన బావమరిది.

"అది ఇంట్లో ఉంది."

బావమరిది వంగి నురుగులో చెయ్యి పెట్టి వెతికాడు. ప్రయాణాలప్పుడు రెండో జత సర్దే మనిషి అతని అక్క, మాస్టారి భార్య. ఆవిడ పోయి పదకొండు నెలలైంది.

ఈ ద్వీపానికి రావాలన్నది ఆవిడ ముచ్చటే. సముద్రం పక్కన కూర్చుని, ఎదురుగా మనుషులు వాయిస్తుంటే పాటలు వినాలని ఆరేళ్ళు అడిగింది. ఆరేళ్ళూ ఆయన "పరీక్షలు అయిపోనీ" అన్నాడు. ఇప్పుడు వచ్చాడు. ఆయనకు కావలసింది ఒక్కటే. ఆవిడ పొద్దున్నే వంటింట్లో ఒక కూనిరాగం తీసేది. మాటలుండేవి కావు, వరస ఒక్కటే. ముప్పై ఏళ్ళు పక్కగదిలో పేపరు చదువుతూ విన్నాడు గాని, అదేం పాటని ఒక్కనాడూ అడగలేదు. ఊళ్ళో సంగీతం టీచరుకు వినిపిస్తే ఆ టీచరు కళ్ళు మూసుకుని విని, తెలియదంది. ఈ క్లబ్బులో నానా దేశాల వాళ్ళూ వచ్చి పాడతారట. ఎవరో ఒకరు పాట పేరు చెప్పకపోతారా అని ఆయన ఆశ.

ఎనిమిదికి మూడు నిమిషాల ముందు ఇద్దరూ క్లబ్బు గుమ్మం దగ్గరికి చేరారు. అక్కడ ఒక స్టాండు మీద పొడవాటి పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్ను. పుస్తకంలో అడ్డగీతలు, నిలువుగీతలు. పైన ఏదో రాసి ఉంది గాని కళ్ళజోడు లేని కంటికి అది చీమల బారులా కనిపించింది. చదవాల్సిన అవసరమూ ఆయనకు తోచలేదు. ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో గుమ్మం దగ్గర పుస్తకం కనిపిస్తే సంతకం పెట్టకుండా లోపల అడుగుపెట్టి ఎరుగడు.

"నువ్వూ పెట్టు," అన్నాడు తన పేరు గుండ్రంగా రాసి.

బావమరిది చిన్నప్పుడు ఆయన దగ్గరే చదువుకున్నాడు. పెట్టమంటే పెట్టడమే గాని ఎందుకని అడిగే అలవాటు అప్పుడు పోయింది, మళ్ళీ రాలేదు. పెట్టాడు.

గోడ గడియారం ఎనిమిది కొట్టింది. మాస్టారి చెయ్యి దానంతటదే చొక్కా జేబులోకి పోయింది. ఎర్రపెన్ను తీసి, చివరి సంతకం కింద ఈ కొస నుంచి ఆ కొసకు గీత గీసి, పక్కన "8.00" అని వేసి పొట్టి సంతకం చేసింది. బళ్ళో రోజూ గంట కొట్టగానే ఆయన చేసే పని అదే. గీత పడ్డాక వచ్చిన టీచరు ఎవరైనా సరే, ఆయన గదిలోకి వచ్చి సంజాయిషీ చెప్పుకోవాల్సిందే.

"బావగారూ, అది వాళ్ళ పుస్తకం కదా."

"ఎవరి పుస్తకమైతేనేం, ఎనిమిది ఎనిమిదే."

పది నిమిషాల తర్వాత క్లబ్బు మేనేజరు ఆ గీత చూశాడు. అతను ఉద్యోగంలో చేరి రెండు నెలలైంది. యజమాని వేరే ద్వీపంలో ఉంటాడనీ, చెప్పాపెట్టకుండా వచ్చి మామూలు మనిషిలా కూర్చుని అన్నీ గమనిస్తాడనీ విన్నాడే గాని, మనిషిని చూడలేదు. "ఎవరు గీశారిది?" అని అడిగితే గుమ్మం దగ్గరి కాపలాదారు ముందు బల్ల వైపు చెయ్యి చూపించాడు. జేబులో ఎర్రపెన్ను, నిటారుగా వీపు. యజమానే వచ్చాడనుకుని మేనేజరు కాలరు గుండీ పెట్టుకుంటూ అటు పరుగెత్తాడు.

"సార్, వస్తున్నట్టు ముందు చెప్పలేదు."

"చెప్పి రావాలా?" అన్నాడు మాస్టారు.

"అబ్బే, మీ ఇష్టం సార్." పళ్ళరసం వచ్చింది. అడగకుండానే ఇంకోటీ వచ్చింది.

"ఈ వాయించే వాళ్ళు సమర్థులేనా?" అన్నాడు మాస్టారు, పాట సంగతి మనసులో పెట్టుకుని.

"అందరూ మంచివాళ్ళే సార్. డ్రమ్ముల అతనే ఒక్కోసారి ఆలస్యంగా వస్తుంటాడు."

"ఆలస్యాన్ని మొదటి రోజే తుంచెయ్యాలి. అలవాటైతే ఇక కుదరదు."

మేనేజరు వెళ్ళి డ్రమ్మరు చెవిలో ఏదో చెప్పాడు. ఆ తర్వాతి పాటలో ప్రతి దెబ్బా అరక్షణం ముందే పడింది.

ఈలోగా వరండాలో జనం పోగయ్యారు. ఆ పుస్తకం ఆ రాత్రి పాడదలచిన వాళ్ళు పేర్లు రాసుకునేది. వారం వారం వచ్చే మంగలి ఒకాయన, సెలవు పెట్టుకుని వచ్చిన నర్సు ఒకావిడ, ఇంకా నలుగురైదుగురు గీత చుట్టూ మూగి నిలబడ్డారు.

"నెల రోజులు సాధన చేశానండీ. పేషెంట్లకు కూడా పాడి వినిపించా. ఇప్పుడు లిస్టు మూసేశామంటే ఎలా?" అంటోంది నర్సు.

"పాపం, ఆ పేషెంట్లు లేచి పారిపోలేరు కదా," అన్నాడు మంగలి. "నా సంగతీ అంతేలెండి, గడ్డానికి కత్తి ఉన్నంతసేపూ ఎవరూ కదలరు. అసలు ఎవడా మహానుభావుడు, గీత గీసింది?"

చేతులు కడుక్కోవడానికి అటు వెళ్ళిన బావమరిది ఇది విని, పుస్తకం పైన రాసింది ఇప్పుడు చదివి, తడిచేతులతోనే పరుగెత్తుకొచ్చాడు.

"బావగారూ, కొంప మునిగింది. అది హాజరు పట్టీ కాదు. పాడేవాళ్ళ జాబితా. అందులో ఉన్నవి రెండే పేర్లు."

"ఎవరివి?"

"ముందు మీది. తర్వాత నాది."

"నువ్వు పాడతావా?"

"నేను హోటలుకు పోతాను."

మాస్టారు మేనేజరును పిలిచాడు. తప్పు జరిగితే ఒప్పుకోవాలని పిల్లలకు చెప్పిన మనిషి. "ఆ గీత గీసింది నేనేనండీ."

"తెలుసు సార్."

"అది పొరపాటు. కొట్టేయండి."

యజమాని తనను పరీక్షిస్తున్నాడని మేనేజరుకు అర్థమైపోయింది. "లేదు సార్. మీరు గీశాక దాన్ని కొట్టేది లేదు. ఎంత మంది మీద పడ్డా లొంగను."

"నాకు పాడటం రాదయ్యా."

"మీరు అలాగే అంటారని ఊహించాను సార్," అని మేనేజరు నవ్వి, ఆయన్ను మోచెయ్యి పట్టుకుని వేదిక దాకా నడిపించాడు.

మైకు ముందు నిలబడేసరికి పాత అలవాటు కొద్దీ "సభకు నమస్కారం" అన్నాడు మాస్టారు. ఎదురుగా ఉన్న ముఖాలన్నీ మసకమసకగా ఉన్నాయి. "బయట నిలబడ్డ వాళ్ళు లోపలికి రావాలి. గీత నాది, తప్పు నాది. నాకు పాట రాదు. ఒక పాట పేరు తెలుసుకుందామని వచ్చాను. ఇలా ఉంటుంది." గొంతు సవరించుకుని, ఆవిడ తీసే వరస తీశాడు. మొదట వణికింది. గిటారు అతను తల ఎత్తి, రెండోసారికి తీగలు కలిపాడు. మూడోసారికి డ్రమ్ములు వచ్చాయి, ఈసారి సరైన సమయానికి.

వీళ్ళకు తెలుసు, అనుకున్నాడు మాస్టారు. రాసుకుందామని చీటీ కోసం జేబు తడుముకున్నాడు.

లోపలికి వచ్చిన నర్సు గొంతు కలిపింది, మంగలి బల్ల మీద తాళం వేశాడు. వరస తిరిగి తిరిగి మొదటికే వస్తోంది, హాలంతా అదే అందుకుంటోంది. ఎవరూ ఆపడం లేదు.

"అయ్యగారు కట్టిన పాటేనా?" అని మేనేజరు మెల్లగా బావమరిదిని అడిగాడు.

"అయ్యగారేమిటండీ, ఆయన రిటైరైన హెడ్మాస్టరు."

మేనేజరు దగ్గరున్న కుర్చీలో కూలబడి, మాస్టారు తాగని రెండో పళ్ళరసం తాగేశాడు.

ఇరవై నిమిషాలయ్యాక మాస్టారు గిటారు అతని వైపు వంగాడు. "దీని పేరేమిటి నాయనా?"

"నన్నడుగుతారేంటి సార్? పాడింది మీరు. మేం మీ వెనకాల వస్తున్నాం. ఇందాకటి నుంచి అదే చూస్తున్నా, ఇక్కడి నుంచి ఎటు పోతుంది? తర్వాత ఏముంది?"

మాస్టారు ఆలోచించాడు. ముప్పై ఏళ్ళ ఉదయాలు వెతికి చూశాడు.

"తర్వాత పాలు పొంగేవి," అన్నాడు. "అక్కడ ఆపేసేది."

గిటారు అతనికి అర్థమైందో లేదో గాని, ఇంకేమీ అడగకుండా మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు.

మర్నాడు టిఫిను దగ్గర వడ్డించే అతను అదే కూనిరాగం తీస్తున్నాడు. మెట్లు తుడిచే ఆవిడా అదే. విమానాశ్రయానికి తీసుకెళ్ళిన డ్రైవరు ఆ వరస మొత్తం ఈల వేసి, అద్దంలోంచి మాస్టారిని చూసి, "చాలా బాగుంది సార్, ఇదేం పాటో మీకు తెలుసా?" అని అడిగాడు.

పాట పేరూ, పాలు పొంగాక రావలసిన రెండో సగమూ మాస్టారికి ఇంకా దొరకలేదు.