తాళాలరావు కంప్యూటర్ మార్చిన వైనం

ఆదివారం పొద్దున కాఫీ గ్లాసు కింద పెడుతూ ఇంటి యజమాని ప్రకటించాడు. "ఇవాళ పాత కంప్యూటర్‌లో ఉన్నదంతా కొత్తదాంట్లోకి మారుస్తున్నాను. మధ్యాహ్నానికల్లా పని పూర్తి. ఎవరూ వేలు పెట్టొద్దు."

ఆయన్ను చాటుగా అందరూ తాళాలరావు అంటారు. వీధి తలుపుకు తాళం వేసి, లాగి చూసి, సందు చివరిదాకా వెళ్ళి, అనుమానమొచ్చి పక్కింటావిడకు ఫోన్ చేసి ఆమె చేత కూడా లాగించే మనిషి. అంత జాగ్రత్తపరుడు పూనుకుంటే పనికి ఢోకా ఉండదని ఎవరైనా అనుకుంటారు. ఆయనైతే తప్పకుండా అనుకుంటాడు.

భార్యకు మాత్రం ఆ ధీమా లేదు. ఆమె నాటకాల వాళ్ళ దుస్తులకు ప్యాటర్న్‌లు గీస్తుంది. ఏ ముక్క ఎంత వెడల్పు కత్తిరించాలో, మడత ఎక్కడ రావాలో అన్నీ ఆ పాత కంప్యూటర్‌లోనే ఉన్నాయి. రాణి గౌను ప్యాటర్న్ కోసం నాటక సమాజం మేనేజర్ ఆ సాయంత్రమే వస్తాడు. నాటకం మర్నాడే, గౌను రాత్రికి రాత్రే కుట్టించుకోవాలి.

"ఏవండీ, ఆ గౌను ఇచ్చేశాక మార్చుకుందురూ."

"ఆ ముసలి కంప్యూటర్ ఈలోగా కన్ను మూస్తే? అప్పుడు లబోదిబోమంటే ఎవరొస్తారు?"

ఆయన తెర మీదున్న ఐకాన్ బొమ్మలన్నిటినీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. ఎందుకైనా మంచిదని ఇంకో పెన్‌డ్రైవ్‌లోకీ ఎక్కించాడు. అక్కడితో ఆగితే తాళాలరావు ఎందుకవుతాడు? పెన్‌డ్రైవ్ ఆ పాత కంప్యూటర్‌కే ఉండగా ఒక్కొక్క బొమ్మనూ నొక్కి పరీక్షించాడు. ప్యాటర్న్‌లు గీసే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. రాణి గౌను కుచ్చిళ్ళతో సహా కళ్ళెదుట నిలిచింది. ఇక సందేహమేముంది?

అప్పుడు బావమరిదిని పిలిచాడు. ఉద్యోగం మానేసి, తర్వాత ఏం చెయ్యాలా అని ఆ ఇంట్లోనే తీరిగ్గా ఆలోచిస్తున్న మనిషి.

"ఒరేయ్, ఈ పాతదాన్ని నీ గదిలోకి తీసుకెళ్ళి మొత్తం చెరిపెయ్. రేపు ఎవడైనా కొనుక్కుంటే మన గుట్టంతా వాడి చేతిలో పడుతుంది."

"అలాగే బావా."

కాసేపటికి గదిలోంచే కేక వినిపించింది. "అయిపోయింది బావా!"

తాళాలరావు నింపాదిగా కొత్త కంప్యూటర్ ముందు కూర్చుని, పెన్‌డ్రైవ్ పెట్టి, గౌను బొమ్మను నొక్కాడు. మీరు అడిగిన ఫైలు కనబడడం లేదంది. ఇంకోటి నొక్కాడు. అదే మాట. రెండో పెన్‌డ్రైవ్ పెట్టినా అదే మాట. కొత్త సరుకే నాసిరకమని కొట్టువాడికి ఫోన్ చేసి చెడామడా దులిపేశాడు.

కొట్టువాడు అంతా విని, "సార్, మీరు తెచ్చుకున్నవి షార్ట్‌కట్లు. ఇంటి నంబరు పలక ఊడబెరుక్కొచ్చి ఇల్లు తెచ్చాననుకుంటే ఎలా?" అన్నాడు.

"అన్నీ తెరిచి చూసుకున్నానయ్యా!"

"పాతదాంట్లో చూసుంటారు. అసలు ఫైళ్ళు అందులోనే ఉన్నాయిగా, తెరుచుకోవా మరి? ఆ ఫైళ్ళు తెచ్చుకుని సాఫ్ట్‌వేర్ కొత్తగా ఎక్కించుకోండి. పాతది ఉందిగా?"

తాళాలరావు బావమరిది గది వైపు చూసి ఫోన్ పెట్టేశాడు.

"ఏమైందండీ?" వంటింట్లోంచి భార్య అడిగింది.

"ఏం లేదు. కొత్తది కదా, కాస్త బిగుసుకుంది."

ఆమె మేనేజర్‌కు ఫోన్ చేసి కొంచెం ఆలస్యమవుతుందంది. ఆ గౌను పోటీ సమాజానికి అమ్ముడుపోయిందని అతగాడు అర్థం చేసుకున్నాడు. ఆటో ఎక్కి, రాణి వేషం వేసే ఆవిణ్ణి కూడా వెంటబెట్టుకుని అరగంటలో గుమ్మంలో దిగాడు.

ఇటు తాళాలరావు బావమరిది గది తలుపు ఓరగా తీశాడు. భార్య వింటుందని గొంతు తగ్గించాడు. "ఒరేయ్, నిజంగా చెరిపేశావా?"

తనిఖీకి వచ్చాడనుకున్నాడు బావమరిది. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుని, తెరకు అడ్డంగా నిలబడ్డాడు. "నీ మీదొట్టు బావా, చెరిపేశాను."

"మొత్తమా? ఏ మూలైనా కొంచెం మిగిలిందేమో..."

"మిగలడమా! రెండోసారి కూడా తుడిచాను. దేవుడు దిగొచ్చినా ఒక్క అక్షరం దొరకదు!"

బావ ఎంత ఆశగా అడిగితే అతను అంత గట్టిగా ఒట్టేశాడు. తాళాలరావు కాళ్ళీడ్చుకుంటూ హాల్లోకి వచ్చాడు. మేనేజర్ కుర్చీ అంచు మీద కూర్చుని ఉన్నాడు. రాణిగారు గోడ గడియారం చూస్తోంది.

"గౌను పోయింది," అన్నాడు తాళాలరావు. "అన్నీ పోయాయి. నేనే చెరిపించాను."

భార్య అరవలేదు. చేతిలోని టేపును వేళ్ళకు చుడుతూ, "నా ఇన్నేళ్ళ పనండీ," అంది. ఆ మాటకు ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది.

అప్పుడే లోపలి గదిలోంచి బాకా మోగింది. పేకాట గెలిస్తే పాత కంప్యూటర్ ఊదే బాకా అది. ఇన్నేళ్ళుగా ఆ బాకా వింటున్న ఇల్లాలు ఒక్క ఉదుటున వెళ్ళి తలుపు తోసింది. తెర మీద పేకముక్కలు ఎగిరి పడుతున్నాయి. వాటి వెనక ఆమె సాఫ్ట్‌వేర్, ఆమె ప్యాటర్న్‌లు, రాణి గౌను, ఎక్కడివక్కడే ఉన్నాయి.

"మొదలుపెడదామనే అనుకుంటున్నానక్కా," నసిగాడు తమ్ముడు. "ఈ ఒక్క ఆట అయ్యాక..."

ఆమె వాణ్ణి గట్టిగా కావలించుకుంది. వాడికేమీ అర్థం కాలేదు. వెనకే వచ్చిన తాళాలరావు కళ్ళు తుడుచుకుని, అలవాటు కొద్దీ, "చెప్పిన పని ఒక్కటీ చెయ్యవు కదరా!" అని గద్దించాడు.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఏదైనా కలకాలం భద్రంగా ఉండాలంటే, దాన్ని చెరిపెయ్యమని బావమరిదికి పురమాయిస్తారు.