పంది పొట్టమాంసం గురించి తెలిసిన మనిషి ఇంటికొకరు ఉండాలి

వంటకు వండేవాళ్లకంటే వివరించేవాళ్లే ముఖ్యం! నవ్వకండి. బాగా ఆలోచించే రాస్తున్నాను.

చలికాలానికి కిమ్చీ, అదే క్యాబేజీ ఊరగాయ, పెట్టే రోజున మా ఇంట్లో పంది పొట్టమాంసం ఉడకాలి. తెల్లవారుజాము నుంచి క్యాబేజీలకు కారం పట్టించి నడుములు పడిపోయిన పదకొండు మంది ఆడవాళ్లు ఆ మాంసం మీద ఆశతోనే కూర్చుంటారు. ఈ ఏడు మొదటిసారిగా నాయనమ్మ ఆ పొయ్యి నాకు అప్పగించింది.

"పాడుచేశావో దల్లే, వచ్చే ఏడు మళ్లీ మీ అత్తే వండుతుంది" అని కూడా చెప్పింది.

నేనొక్కదాన్నే అయితే ఏమైపోయేదాన్ని? అదృష్టం కొద్దీ సియోల్ నుంచి గిచొల్ బాబాయి దిగాడు. ఆయన ఈమధ్య ఫోన్‌లో వంటల వీడియోలు పెడుతున్నాడు. చేతులకు నల్ల గ్లౌజులు తొడుక్కుని వచ్చాడు. కారం పట్టించడానికేమో అనుకున్నాం. కాదట, వీడియోలో బాగుంటాయట.

"ముందు పొట్టమాంసాన్ని అర్థం చేసుకోవాలి" అన్నాడు. ఎంత నిజం! ముప్పై ఏళ్లు పందులను పెంచిన మా నాయనమ్మకు, పందికి పొట్ట ఎక్కడుంటుందో తన చొక్కా మీద చెయ్యి పెట్టి చూపించాడు.

"ఓహో, అక్కడా?" అంది నాయనమ్మ.

చూశారా? నేర్చుకోవడానికి వయసుతో పనేమిటి!

నేను మరిగే నీళ్లలో మాంసం వేసి, సోయా ముద్ద కలిపి, ఉల్లికాడలు, అల్లం, వాసన పోవడానికి చెంచాడు కాఫీపొడి వేశాను. వేసిన ప్రతిదాన్నీ ఆయన వివరించాడు. వివరించకపోతే, తాను ఎందుకు ఉడుకుతోందో ఆ అల్లానికి తెలిసేదా?

వీడియోలో ఆవిరి కోసం ఆరుసార్లు మూత ఎత్తాడు. ఎత్తినప్పుడల్లా ఉడుకు ఆగిపోయేది. నేను కారం చేతులు కడుక్కుని వచ్చి పుల్లలు ఎగదోసేదాన్ని. మంట పెట్టడం ఇంత బాగా ఇంకెక్కడ నేర్పుతారు?

"మాటిమాటికీ ఏం చూస్తావురా? లోపలున్న పంది పారిపోతుందనా?" అంది పక్కింటి ఓక్‌బున్ అవ్వ.

"అది ఆవిరి షాట్ అవ్వా!"

"మా నోట్లో పడేదెప్పుడో అది చెప్పు."

చివరికి చాప్‌స్టిక్ గుచ్చాను. సాఫీగా దిగింది, ఎర్రనీళ్లు రాలేదు. మంట తీసేసి ఆ నీళ్లలోనే కాసేపు ఉంచాలి. బాబాయి మాత్రం వేడివేడిగా కోయాలని వివరించి, ఒక ముక్క తీసి కోశాడు. అది పొడిపొడి అయింది. సియోల్‌లో అలాగే తింటారని వివరించాడు.

మిగతాది ఆగి నేను కోశాను. ప్రతి ముక్కలో చర్మం, కొవ్వు, కండ మూడూ కలిసి ఉండాలి. ఉప్పులో ఊరిన పచ్చటి క్యాబేజీ ఆకులో ముల్లంగి కారంతో చుట్టుకుని అందరూ నోట్లో పెట్టుకున్నారు. వెంటనే రెండో ఆకుకు చెయ్యి చాచారు. వివరించడం మానేసి బాబాయి కూడా!

రాత్రికల్లా వీడియో వచ్చింది. పేరు "నా చేతి పొట్టమాంసం". అందులో కోస్తున్న చేతులు నావి. వాటి పైన తిరుగుతూ చూపిస్తున్న నల్ల గ్లౌజులు ఆయనవి. న్యాయమే కదా? చేతులు ఎవరికైనా ఉంటాయి.

మర్నాడు అందరం గిన్నెలు తోముతుంటే ఆయన ఫోన్ చేశాడు. నాయనమ్మ స్పీకర్ పెట్టింది.

"ఒసేయ్ దల్లే, చూసినవాళ్లంతా అడుగుతున్నారే! ఎన్ని నిమిషాలు ఉడకబెట్టావ్?"

"నిమిషాలు చూడలేదు బాబాయ్."

"మరి ఎలా తెలిసిందే?"

"నాయనమ్మ చెప్పింది. మాంసం నీళ్లలో వేసి క్యాబేజీల దగ్గర కూర్చోవాలి. ముప్పయ్యో దానికి కారం పట్టించాక లేవాలి."

"ముప్పై... అంటే ఎంతసేపవుతుంది?"

గిన్నెల చప్పుడు ఆగింది. పదకొండు మందీ నావైపే చూస్తున్నారు. నాకు వివరించడం అలవాటు లేదు. అయినా ప్రయత్నించాను.

"నా చేతికైతే గంట పట్టింది బాబాయ్. నీ చేతికి ఎంత పడుతుందో నిన్న మేమెవరం చూడలేదు."