పడిపోయే తేదీ

విశ్వానికి డైమెన్షన్లు పదున్నా పదకొండున్నా ఫర్వాలేదు గానీ, ఒకప్పటి రంగూన్ అయిన యాంగోన్‌లో దరఖాస్తుకు మాత్రం మూడు ప్రతులుండాలి. ఈ పరమసత్యం తామ్వే పేటలో ఉండే సుధామణికి ముప్పై నాలుగో ఏట తెలిసింది.

ఆరేళ్ళుగా ఆవిడ పరిశోధన స్ట్రింగ్ థియరీలో. కంటికి కనబడనంత చిన్నగా చుట్టుకుపోయిన డైమెన్షన్లలో బ్రేన్లనే పొరలుంటాయట. సూపర్‌సిమెట్రీ అనే కట్టుబాటు ఉన్నంతసేపూ బుద్ధిగా కూర్చుంటాయి. అది లేకపోతే ఎన్నాళ్ళు నిలుస్తాయి? కరెంటున్న నాలుగు గంటలూ కంప్యూటరు మీద, లేని ఇరవై గంటలూ కాగితం మీద లెక్కలు కట్టి తేల్చింది: ఎప్పటికో ఒకప్పటికి పడిపోతాయి, వాటి మీదున్న మన విశ్వంతో సహా.

థీసిస్ ఇవ్వాలంటే 'విజ్ఞాన సుస్థిరతా ధ్రువీకరణ విభాగం' ముద్ర కావాలి. (ఆ విభాగం ఇంతవరకూ ఏం సుస్థిరం చేసిందో ధ్రువీకరించలేదు.) గడువు శుక్రవారం. బుధవారం పొద్దున్నే తల్లి నరసమ్మ క్యారేజీ చేతికిచ్చి, "ఆలకి ఎదురు సెప్పకే. అవునండీ అనీసి, ముద్ర ఏయించుకుని వచ్చీ" అంది.

అధికారి ఊ లింగరాజు. తాత రేవులో మూటలు మోశాడు, మనవడు ఫైళ్ళు మోయిస్తున్నాడు. (అక్కడ పెద్దవాళ్ళ పేరుకు ముందు 'ఊ' అంటారు. ఆయన దగ్గర దొరికే ఒప్పుకోలు అదొక్కటే.)

"ఏటమ్మా ఇది, పడిపోద్దని రాసేవు? ఎవులు పడగొడతారు?"

"ఎవరూ అక్కర్లేదండీ. దానంతటదే పడిపోద్ది."

ఆయన లేచి కిటికీ మూశాడు. "ఈ మాట బయటెక్కడైనా అన్నావేటి?"

"రెండు పత్రికల్లో అచ్చయిందండీ."

"ఎవులైనా సదివారా?"

"పదకొండు మంది ఉంటారండీ."

ఊరట చెంది ఫారం తీశాడు. అది శిథిల భవనాలది. అస్థిరమైనవాటికి అక్కడున్నది అదే.

"పడిపోయే సంవత్సరం?"

"ఒకటి పక్కన నూట ఇరవై సున్నాలండీ."

"గళ్ళు నాలుగే." తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది అని నింపాడు. "లోపల కాపురం ఉంటున్నవాళ్ళు?"

"అందరం అండీ. మీరు కూడా."

"మరైతే ఖాళీ చేయించాక గానీ ముద్ర ఏయకూడదు." గొంతు తగ్గించాడు. "స్థిరం అని ఒక్క మాట మార్చీ. ఇప్పుడే ఏసేస్తాను."

సుధామణికి అమ్మ చెప్పిన 'అవునండీ' నాలుక చివరిదాకా వచ్చింది. ఆరేళ్ళ కాగితాలు ఒళ్ళో బరువుగా ఉన్నాయి.

"లెక్క ఒప్పుకోదండీ" అంది.

"సరే. అది పడిపోతే ఈ ఆఫీసు ఉంటాదా?"

"ఉండదండీ."

"పెండింగు ఫైళ్ళు?"

"అవీ పోతాయండీ."

లింగరాజు మొహం మొదటిసారి వికసించింది. ఫైలుకి తాడు కట్టి బీరువా మీద పెట్టించాడు. "మరి తొందరేటమ్మా?"

శుక్రవారం వచ్చింది, పోయింది. ఫైలు మాత్రం అంగుళం కదల్లేదు. యాంగోన్‌లో ఇంత సుస్థిరమైనది మరొకటి లేదని ఆ విభాగం ధ్రువీకరించింది.