ఫేటా కొసన స్కౌటుదళం

మా ఊళ్లో స్కౌటుదళం ఏర్పడిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. నాందేడ్ జిల్లా బిలోలి తాలూకాలో ఇంత పద్ధతిగా పుట్టిన దళం ఇంకొకటి లేదని మా ఊరివాళ్లే అంటున్నారు కనుక నమ్మవచ్చు. ముందుగా పదాధికారులు ఏర్పడ్డారు. అధ్యక్షుడు, ఇద్దరు ఉపాధ్యక్షులు, కార్యదర్శి, సహకార్యదర్శి, మార్గదర్శకుడు, ఆ మార్గదర్శకుడికి ఒక సలహాదారు, ఇలా పదకొండు మంది స్వచ్ఛందంగా ముందుకు వచ్చారు. ఈ డెబ్బై ఎనిమిదో సంవత్సరంలో మా ఊళ్లో స్వచ్ఛంద సేవకు అంత గిరాకీ ఉంది. ఆ తర్వాత, దళమంటే పిల్లలు కూడా ఉండాలని ఎవరో గుర్తుచేయగా ఎనిమిది మందిని చేర్చుకున్నారు.

ఆదివారం పొద్దున్నే ఆ పిల్లలతో బడి మైదానంలో నిలబడే పని మాత్రం పదకొండు పదవుల్లో దేని కిందికీ రాలేదు. కార్యదర్శి నాగనాథ్ మాస్తరు బాగా ఆలోచించి, బి.ఏ. చదివి ఇంట్లో ఖాళీగా ఉన్న నన్ను ఎంపిక చేశారు. ఖాళీ అంటే ఏడుగురికి వంట, రెండు బర్రెలు, మామగారి మందులు. నాందేడ్ కాలేజీలో స్కౌటింగులో నేర్చుకున్న తాడు ముడులు ఇన్నాళ్లకు పనికొచ్చాయని నేనూ ఒప్పుకున్నాను.

పిల్లల్లో ముడులు బాగా పట్టుబడింది వత్సలకు. మారోతి కూతురు, పదమూడేళ్లది. బావిలో పడ్డవాడి నడుముకు కట్టి పైకి లాగే ముడి ఒకటుంది. ఎంత లాగినా జారదు, బిగుసుకుని ఊపిరీ ఆపదు. ఆ ముడిని ఆ పిల్ల కళ్లు మూసుకుని కట్టేది. దీపావళి తర్వాత నాందేడ్‌లో జరిగే జిల్లా మేళాకు వెళ్లాలని దాని ఆశ. బిలోలి దాటి అది ఏనాడూ ఏ ఊరూ చూడలేదు. కానీ స్కౌటు ప్రమాణం చేసి దీక్ష తీసుకుని, మెడలో స్కార్ఫు ఉన్నవాళ్లకే మేళా. వాళ్ల నాయనమ్మ కాశీబాయి కూడా తీర్పు చెప్పేసింది.

"ఆ గుడ్డ మెడల వడితె నాందేడ్ పో బిడ్డా. పడకుంటె పత్తి చేన్లకు నడువు."

అప్పటినుంచి ప్రతి ఆదివారం వత్సల నన్ను అడిగేది ఒక్కటే: "గుడ్డ ఎప్పుడొస్తది బాయీ?"

గుడ్డ వచ్చింది. అధ్యక్షులు బాబురావ్ గారికి బజారులో బట్టల దుకాణం ఉంది. ఊదారంగు తానులు ఎన్నో దళానికి దానం చేశారు. మూడేళ్లుగా ఆ రంగును ఎవరూ కొనలేదన్న సంగతి వల్ల దాన గుణానికి లోటేమీ రాదు. నిజానికి ఎనిమిది మంది స్కార్ఫులకూ కలిపి ఒక్క ఫేటా, అంటే ఒక తలపాగా, అంత గుడ్డ చాలు. మిగిలింది భావితరాలకని ప్రకటించారు. తానులు ముందే కోస్తానంటే నన్ను ఆపారు. నాందేడ్ నుంచి వచ్చే స్కౌటు పెద్దసారు చేతుల మీదుగానే తాను విప్పాలని తీర్మానమైందట.

దీక్ష రోజున పెద్దసారు జీపులో వేంచేశారు. వెంట మరో నలుగురు దిగారు. మా వైపు అతిథి తలకు ఫేటా చుట్టనిదే సభ మొదలు కాదు. వచ్చినాయనకు కట్టి, వెంట వచ్చినవాళ్లకు కట్టకపోతే అమర్యాద. వాళ్లకు కట్టి అధ్యక్షుడికి కట్టకపోతే ఊరంతటికీ అమర్యాద. అధ్యక్షుడికి కట్టాక ఉపాధ్యక్షుల ముఖాలు చూడాలి. తెప్పించిన గులాబీ ఫేటాలు అతిథులతోనే అయిపోయాయి. ఫేటాలు కట్టే పోచన్న ఊదా తానుల వైపు చూసి, పిల్లలకు జర ఉంచాల్నా అని అడిగాడు.

"పిల్లలు యాడికి పోతరోయ్, ఈడనే ఉంటరు," అన్నారు బాబురావ్ గారు. "ముందు పెద్దమనుషులకు కట్టు."

పదకొండు తలలు ఊదారంగులో వికసించాయి. వీపుల మీద జానెడు కాదు, రెండేసి మూరల కొసలు వేలాడాయి. గుడ్డ చివరి అంగుళం వరకు సద్వినియోగమైంది.

దీక్ష సమయానికి పెద్దసారు పిల్లల మెడలు చూసి ఆగిపోయారు. స్కార్ఫు లేకుండా దీక్ష ఇచ్చే నియమం లేదని విచారంతో సెలవిచ్చారు. నేను కత్తెర తెస్తానన్నాను, ఒక్కో కొస నుంచి కాస్త కోస్తే చాలునని. కట్టిన ఫేటాకు కత్తెరా అని సభ ఉలిక్కిపడింది. పోనీ ఒకరు విప్పి ఇస్తే? ఎవరు విప్పాలన్న విషయంపై పదకొండు మందీ ఒకరినొకరు గౌరవించుకున్నారు.

పెద్దసారు జీపు తాళం కోసం తడుముకుంటుండగా వత్సల ఒక అడుగు ముందుకేసింది.

"సార్, స్కార్ఫు మెడల ఉండాలె. ఇంకో కొస యాడుండాల్నో నియమంల ఉన్నదా?"

పెద్దసారు నియమాలన్నీ మనసులో తిరగేశారు. ఆ విషయంలో నియమం మౌనంగా ఉందన్నారు.

పిల్లలు వేదిక ఎక్కి కుర్చీల వెనక నిలబడ్డారు. ఒక్కొక్కరు ముందున్న పెద్దమనిషి ఫేటా కొస అందుకుని మెడ చుట్టూ తిప్పి ముడి వేసుకున్నారు. ఏ ముడో నేను చెప్పలేదు. వత్సల వేసింది చూసి మిగతావాళ్లూ అదే వేశారు. మూడు వేళ్లు ఎత్తి, పెద్దల తలలకు కట్టుబడి, దీక్ష పూర్తి చేశారు. అంతటితో అందరూ కూర్చునే ఉంటే కథ లేదు. కానీ మైకు ఉంది.

బాబురావ్ గారు లేచి మైకు వైపు నడిచారు. ఆయన కొస మెడకు కట్టుకున్న వత్సల కదలలేదు. ముడి జారలేదు. ఫేటా ఒక్కో చుట్టే ఊడుతూ వచ్చింది.

"సోదరులారా," అన్నారు బాబురావ్ గారు, "ఈ పిల్లల కోసం నా తల మీదిది తీసి ఇవ్వమన్నా వెనుకాడను."

జనం చప్పట్లు కొట్టారు. అవి ఉపన్యాసానికేనని ఆయన అనుకున్నారు. అధ్యక్షుడు మాట్లాడాక ఉపాధ్యక్షులు మాట్లాడకుండా ఉండగలరా? వరుసగా లేచారు. పిల్లలకు కొస చిక్కిన ఎనిమిది మందీ త్యాగం గురించే మాట్లాడారు, బోడితలలతో. కాశీబాయి మనవరాలి భుజాన కుప్పపడ్డ గుడ్డను చేత్తో కొలిచి చూసింది.

"తొమ్మిది గజాల చీరంత ఉన్నది గద. ఇగ నాందేడేంది, బొంబాయి పోయినా తక్కువగాదు."

వత్సల నాందేడ్ వెళ్లింది. గుడ్డను కొలత ప్రకారం నేనే కోసి అంచు కుట్టాను. మేళాలో ముడుల పోటీ గెలిచి వచ్చింది. ఆ గెలుపు చూసి ఊరు పొంగిపోయి, పిల్లల కోసం ఫేటాలు త్యాగం చేసిన పెద్దలకు సత్కారసభ తలపెట్టింది. సత్కారమంటే ఫేటా తప్పదు. మిగిలిన ఊదాగుడ్డ వెనక్కి పంపమని కబురు వచ్చింది. పంపాను.

ఆ సభకు మీరూ తప్పక రండి. మీకూ కడతారు, వద్దనకండి. మీరు కూడా ఎక్కడో ఏదో ఒక సంఘానికి సలహాదారులే అయి ఉంటారు. అయితే, మాట్లాడటానికి లేచే ముందు కొస ఎవరి మెడలో ఉందో ఒక్కసారి వెనక్కి తిరిగి చూసుకోండి. మా పిల్లలు ముడి బాగా నేర్చుకున్నారు.