నున్నని ప్రత్యేక సంచిక

ఆ ఇల్లాలికి భర్త మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన మరీ మంచివాడు. తాగుబోతైతే నలుగురిలో చెప్పుకుని ఏడవచ్చు, మంచితనానికి ఎవరు జాలిపడతారు? పైగా ఆయన పేరున్న వారపత్రికకు ఎడిటరు. అందుచేత ఇంట్లో పట్టని మంచితనం అప్పుడప్పుడు అచ్చులోకి కూడా పొర్లుతుంటుంది.

ఈసారి అది సొంత అక్కగారి మీద పడింది. ఆవిడకి పుట్టుకతో చూపు లేదు. టెలిఫోన్ ఆపరేటరుగా ఉద్యోగం చేస్తుంది, బ్రెయిలీలో ఏదిచ్చినా వేళ్లతో గడగడా చదివేస్తుంది. తమ్ముడి పత్రికలో వచ్చే సీరియల్ అంటే ప్రాణం. కాని అది తమ్ముడి నోటే వినాలి. హీరో హీరోయిన్ చెయ్యి పట్టుకోగానే ఆయన గొంతు సవరించుకుని, "తర్వాత వాళ్లు కాసేపు మాట్లాడుకున్నారు" అని పేజీ తిప్పేస్తారు. ఆఫీసులో తోటి ఆడవాళ్లు ముసిముసిగా నవ్వుకునే ఘట్టం ఒక్కటీ ఆవిడ దాకా రాలేదు.

"ఆఖరి భాగమైనా నన్ను చదువుకోనివ్వరా" అందావిడ. అంతే, బ్రెయిలీ సంచిక వెలువడనున్నదని ప్రకటన వెలువడింది.

వెంటనే కమిటీ వేశారు. సభ్యులంతా చూపున్నవారే. చూపులేనివారి మనసు సున్నితమని తీర్మానించి ముందు సీరియల్ తీసేశారు. పొయ్యి ప్రమాదమని వంటల పేజీ తీసేశారు. తీర్మానం రాసింది అక్కగారు వండిన భోజనం చేసి, చెయ్యి కడుక్కుని వచ్చాకే. జోకులు అగౌరవమన్నారు. మిగిలిన చోటంతా ఆత్మవిశ్వాసం మీద వ్యాసాలతో నింపారు. అక్కగారికి లేనిదల్లా అదేనని వారికెవరు చెప్పారో తెలియదు.

"వదినని ఒక్కమాట అడగరాదూ" అంది ఇల్లాలు. అడిగితే ఆవిడ ఆనందం ముందే ఖర్చయిపోతుందన్నారాయన.

తయారై వచ్చిన ప్రతులు బ్రెయిలీ చుక్కలతో ఉబ్బి, కట్ట కడితే జారిపోతున్నాయి. ఫోటోలో బాగుండవని ఎడిటరుగారు వాటిని బైండింగు ప్రెస్సులో గట్టిగా బిగించమన్నారు. తీసేసరికి పట్టుబట్టలా నున్నగా వచ్చాయి. ఆయన నిమిరి చూసి మురిసిపోయారు.

ఆవిష్కరణ సభలో ముఖ్య అతిథి, "నేటితో వీరి చీకటి అంతరించింది" అని గద్గదంగా సెలవిచ్చి, తొలి ప్రతిని అక్కగారికిచ్చి చదవమన్నారు. ఆవిడ వేళ్లు ఒక్కో పేజీ ఈ చివర నుంచి ఆ చివర దాకా వెతికాయి. మళ్లీ మొదటికొచ్చి వెతికాయి. ఆనందం పట్టలేక కాబోలనుకుని సభంతా లేచి చప్పట్లు కొట్టింది.

"ఇందులో ఏమీ లేదు" అందావిడ మైకులో. అంత వినయం ఈ రోజుల్లో అరుదని దానికీ చప్పట్లు కొట్టారు.

ఇంటికొచ్చాక అక్కగారు సభలో తనకు కప్పిన శాలువా మడిచి కుర్చీలో పెట్టింది.

"పక్క గదిలోనే ఉంటానుగదరా. సభకి ముందే ఒక్క ప్రతి తెచ్చి నా చేతిలో పెడితే నీ సొమ్మేం పోయేది?"

ఆయన సాయం కోసం భార్య వంక చూశారు. ఆవిడకి సరిగ్గా అప్పుడే మంచినీళ్ల చెంబు తోమాలనిపించింది.

"తప్పు నాదేనక్కా" అన్నారాయన. "దాన్ని ఎవరైనా చదువుతారన్న ఆలోచనే మాలో ఎవరికీ రాలేదు. ఇస్తుండగా నలుగురూ చూస్తే చాలనుకున్నాం."